చవిటి ఉప్పు – ఆపద్ధర్మము

మా మాతామహి చెప్పెడి పాతముచ్చటలలో ఉప్పుమనిషి ఒకతె యుండెడిది. ఉప్పమ్ముకొనువారు పట్టపగలు గంప నెత్తిన బెట్టుకొని, వీధివీధియు వినబడునట్లు కేకవేయుచు వచ్చుట నాటి లోకాచారము. ఈమె మాత్రము దీపములు పెట్టిన పిదప పెరటిగుమ్మము కడకు వచ్చి, నోరెత్తక, చేతిగాజులు చప్పుడుచేసి నిలుచుండెడిదట. కొంగుక్రింద చిన్న కడవ. కడవలో పైని తవుడు. తవుడు ప్రక్కకు త్రోసినచో లోపల మట్టివన్నెలో, తడితడిగా, వేళ్ళకు అంటుకొనునట్టి ఉప్పు. సోలెడు నూకలకు తవ్వెడు ఉప్పు కొలిచి, నూకలు కొంగున ముడివేసికొని, వచ్చిన దారినే చీకటిలో కలిసిపోయెడిది. ఆ ఉప్పు కొంచెము చేదనియు, ఊరగాయలకు పనికిరాదనియు, పశువుల కుడితిలోనికి మాత్రము బాగుగ నుండెడిదనియు వర్ణించి, "పాపము, దొంగ ఉప్పు" అని ఆమె కథ ముగించెడిది. దొంగ యన్న మాటకు ముందు పాపమన్న మాట ఏల వచ్చినదో చిన్నతనమున నాకు తోచలేదు. ఆ రెండు మాటల నడుమ నూఱేండ్లకు పైబడిన చరిత్ర కలదని పెద్దవాడనైన తరువాత, పాత రివెన్యూ లెక్కలు చదువుచుండగా తెలిసినది.

తీరమున నున్న పఱ్ఱభూములలోనేమి, రాయలసీమలోని చవిటినేలలలోనేమి, మాఘమాసము దాటి ఎండ ముదురుకొలదిని నేలమీద తెల్లని పొర యొకటి పేరుకొనుట పల్లెటూళ్ళవారందఱును చూచినదే. వానకాలమున భూమిలోనికి ఇంకిన లవణము ఎండవేడికి తేమతోకూడ పైకి ఈడ్వబడి, నీరు ఆవిరియై పోగా తాను మాత్రము మిగిలి, తెల్లవాఱుజామున ముగ్గుపిండి చల్లినట్లు కనిపించును. ఈ పొరను పెంకుతోనో చెక్కముక్కతోనో గీకి గంపల కెత్తి, అడుగున చిల్లులు పొడిచిన కుండలో గడ్డి పఱచి, ఆ మన్ను నింపి, పైనుండి నీరు పోసెడివారు. మన్ను నీటిని త్రాగి త్రాగి తుదకు అడుగునుండి చుక్కచుక్కగా ఊట విడుచును. ఆ ఊటను పొయ్యిమీద కాచినచో, లేక సున్నము మెత్తిన తొట్టిలో ఎండబెట్టినచో ఉప్పు తేలును. సూరేకారము మొదలైన ఇతర లవణములు కూడ అందు కలిసియుండుటచే దానికి రంగును తక్కువ, రుచియు తక్కువ. కనుపర్తి, చినగంజాము, పెనుగుదురు, నౌపడ వంటి చోటుల సముద్రపునీటి మళ్ళలో పండిన ఉప్పుతో ఇది ఏనాడును పోటీపడినది కాదు. ఐనను దీనికి కావలసిన పెట్టుబడి ఒక పెంకు, ఒక కుండ, రెండు చేతులు. ఎవరికిని పనికిరాని నేలనుండి, ఎవరి పంటకును నష్టము రాకుండ, పనిలేని వేసవినెలలలో పేదవాడు తెచ్చుకొనగలిగిన వస్తువు లోకమున ఇట్టిది మఱియొకటి కలదేమో నేనెఱుగను.

1805లో చెన్నపురి ప్రభుత్వము ఉప్పును తన గుత్తక్రిందికి తెచ్చుకొనెను. నాటినుండి పండించినవాడు తన ఉప్పును సర్కారు కొఠారునకు సర్కారు కట్టిన వెలకే అప్పగింపవలెను. తినువాడు ఆ కొఠారుగుండ వచ్చిన ఉప్పునే తినవలెను. మొదట గరిసె యను పెద్ద కొలతకు అమ్మకపువెల 70 రూపాయలని నిర్ణయించి, నాలుగేండ్లు తిరుగకమునుపే 105 చేసిరి. తరువాతి కాలమున గుత్త పోయి, తయారుచేయువారిమీద ఎక్సైజు పన్ను వచ్చెను. పేరు మాఱినదేగాని తినువాని బరువు మాఱలేదు. ఉప్పు పండించుటకు అయ్యెడి ఖర్చు అణాలలో లెక్కింపదగినది. దానిపైని పన్ను రూపాయలలో లెక్కింపదగినది. చెట్టును కొట్టినవాని కూలి యింత, గొడ్డలి అద్దె దానికి పదిరెట్లు అన్నట్లు!

ఇట్టి పన్ను నిలువవలెనన్నచో పన్ను చెల్లింపని ఉప్పు ఎక్కడను ఉండరాదు. కావున కొఠారులకు కావలి పెట్టుటతో పని తీఱలేదు, నేలకే కావలి పెట్టవలసివచ్చెను. తీరమున తానై పేరిన ఉప్పును జవానులు త్రొక్కి బురదలో కలిపి పాడుచేయుచు తిరుగుట ఉద్యోగధర్మమైనది. 1889 నాటి చెన్నరాజధాని ఉప్పు చట్టము అనుమతిలేక ఉప్పు తయారుచేయుటయే కాదు, ఉప్పుమన్నును పోగుచేయుటయు నేరమని స్పష్టముగ పలికెను. సాల్టు ఇనస్పెక్టరునకు ఇండ్లు సోదాచేయు అధికారము నాడుండెను. వంటయింటిలో ఒక మూల చిల్లుకుండ కనబడినచో అది సాక్ష్యము. దేవుడిచ్చిన దానిని నేలరాచి, ఏరుకొన్నవానిని చెఱబెట్టుటకై జీతములిచ్చిన ప్రభుత్వము మన దేశమున మునుపెన్నడైన నుండెనా యన్నది నా సందేహము. ఉప్పుమీద సుంకము పూర్వరాజులును తీసికొనిరి గాని, దోసెడు చవిటిమన్నుకై గస్తీ తిరిగినట్లు నేను చదువలేదు.

ఈ కట్టడి మొదట తాకినది ఒక కులము పేరునే. ఉప్పరవారన్న పేరు ఉప్పునుండి వచ్చినది. మన్నునుండి ఉప్పు తీయుట వారి కులవృత్తి. ముఖ్యముగ బళ్ళారి, అనంతపురము, కడప, కర్నూలు సీమలలో, సముద్రపు ఉప్పు చేరుటకు వారములకొలది పట్టెడి కాలమున, ఆ పల్లెల అన్నములో కలిసినది వారి ఉప్పే. పంతొమ్మిదవ శతాబ్దపు చివరిపాదము నాటికి ఆ వృత్తి అణగారిపోయినది. మన్ను గీకిన చేతులు మన్ను త్రవ్వుటకు మరలినవి; చెఱువుకట్టలు, కాలువగట్లు, రైలుకట్టలు వేయుపనికి గడ్డపాఱలతో ఊరూర తిరుగుట వారి జీవనమైనది. నేటి బాలురలో చాలమంది ఉప్పరి యనగా మట్టిపనివాడనియే అనుకొందురు. పేరులో నిలిచిపోయిన ఉప్పును ఎవరును గమనింపరు. వృత్తిని మార్చుకొనలేకపోయినవారు, ముసలివారు, ఒంటరి స్త్రీలు, రాత్రివేళ పాతపనినే చేసికొనిరి. తండ్రి పగలు చేసిన పనిని కొడుకు రాత్రి చేసినచో, ఆ తండ్రి వృత్తికారుడు, ఈ కొడుకు దొంగ. నడుమ మాఱినది పని కాదు, ఒక కాగితము.

ఇచ్చట ఒక ధర్మసందేహమును పెద్దలు చాలకాలముక్రిందటనే విచారించియున్నారు. గత్యంతరములేక కట్టుబాటును మీఱినవాడు పాపియగునా? శాంతిపర్వమున ఆపద్ధర్మప్రకరణములోని విశ్వామిత్రుని కథ తెలియనివారుండరు. త్రేతాద్వాపరముల సంధికాలమున పండ్రెండేండ్ల అనావృష్టి. ఆకలిచే తూలుచు మహర్షి ఒక చండాలవాటికను చేరి, ఒక గుడిసెలో వ్రేలాడుచున్న కుక్కతొడను చూచి, రాత్రి దొంగిలింప సాహసించును. ఇంటివాడు మేల్కొని, వచ్చినది మహర్షియని యెఱిగి, ఇది నీకు తగదని ధర్మము బోధించును. ప్రాణము నిలిచినగదా ధర్మమాచరించుట యని మహర్షి వాదించి తొడను తీసికొనిపోవును; ఇంద్రుడు వాన కురియించును. మనువు ఈ కథను స్మరించి ఋషికి పాపమంటలేదని చెప్పుటయే కాక, దారిబత్తెము తఱిగిన ద్విజుడు పరుల పొలములో రెండు చెఱకుగడలు, రెండు దుంపలు తీసికొనిన దండ్యుడు కాడని కొలతతోసహా నిర్ణయించినాడు.

ఈ కథను నేను పలుమాఱులు చదివితిని. చదివినప్పుడెల్ల ఆకలిగొన్న ఋషికంటె నిద్రలేచిన గృహస్థుడే నా కంటికి కట్టును. ధర్మశాస్త్రము నెఱిగి హెచ్చరించినవాడు ఆతడు; దానిని వాదించి త్రోసివేసినవాడు ఋషి. ఆ యింటిలో ఆ తొడ మఱునాటికి మిగుల్చుకొనిన కూడేమో యని కథకుడు అడుగలేదు. తలక్రిందుగ జరిగినచో, అనగా ఆకలిచే ఆ గృహస్థుడే ఋష్యాశ్రమములోనికి పోయి గిన్నెడు నీవారధాన్యము తీసికొని దొరకిపోయినచో, ఇంద్రుడు వాన కురియించునా? మన స్మృతులలో ఆపద్ధర్మము కలదు, అది ఉదాత్తమైనదే. కాని దాని ద్వారమున కావలివాడు నిలిచి, వచ్చినవాడెవడని మొదట అడుగును, ఏమి చేసినాడని తరువాత అడుగును. ఆంగ్లేయుల శిక్షాస్మృతి ఈ దోషమును పోగొట్టినదని చెప్పుకొనుట కలదు. అందఱికిని ఒకటే దండన, నిజమే. దానిలోని చౌర్యప్రకరణమున బ్రాహ్మణునికి మినహాయింపు లేదు, ఆకలికిని మినహాయింపు లేదు.

ఆ సమత్వము ఎట్లు పనిచేసినదో ధాత సంవత్సరమున తేలినది. 1876లో వానలు తప్పెను. బళ్ళారి, కర్నూలు, కడప, నెల్లూరు సీమలు మాడిపోయినవి. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో వైస్రాయి లిట్టనుప్రభువు దర్బారు జరుపుచుండగా ఇచ్చట పల్లెలు ఖాళీయగుచుండెను. ఆ నెలలోనే సర్ రిచర్డు టెంపులును కరువు వ్యయము పరిశీలింప పంపిరి. ఈతడు మూడేండ్లక్రిందట బీహారు కరువులో బర్మా బియ్యము తెప్పించి ఉదారముగ పంచి, దుబారామనిషి యని చీవాట్లు తిన్నవాడు. ఆ మచ్చ చెఱుపుకొనుటకు మన సీమ దొరకినది. కరువుపనిలో మట్టిమోయు మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని ఆతడు తేల్చెను. చెన్నరాజధాని ఆరోగ్యాధికారియైన డాక్టరు కార్నిషు దీనిని ఎదిరించి, జైలులోని ఖైదీకి సర్కారు పెట్టుచున్న తిండికంటె ఇది తక్కువయని లెక్కలతో చూపెను. ఈ లెక్కను ఒకమాఱు నిలిచి చూడవలెను. రాళ్ళు కొట్టుచున్న నిరపరాధికి కొలిచిన తిండికంటె గోడలోపలి నేరస్థునికి కొలిచిన తిండి ఎక్కువ! జైళ్ళు క్రిక్కిఱిసెను. లోపలికి పోయినవారిలో కొందఱైన ఈ లెక్క తెలిసియే పోయిరనుట కష్టముగాని, తెలియక పోయినను ఆకలి తెలిసినది గదా. టెంపులు కొలత కొలది మాసములకే సవరింపబడినది. సవరణ వచ్చునాటికి ఎందఱికో దానితో పనిలేకపోయెను. 1871 నాటి జనాభా లెక్కను 1881 నాటి లెక్కతో పోల్చినచో కర్నూలు జిల్లా దాదాపు నాలుగవవంతు జనమును పోగొట్టుకొన్నట్లు కనిపించును.

ఆ ఏడాదిలో దోపిడులు పెరిగినవని పోలీసువారు వ్రాసిరి. దోపిడియనగానేమో శిక్షాస్మృతిలోనే చూడవలెను. బలాత్కరించియో భయపెట్టియో ఇతరుని సొత్తు లాగికొనుట దోపిడి. అదే పనిని ఐదుగురుగాని అంతకెక్కువమందిగాని కలిసి చేసినచో అది బందిపోటు, దానికి నాడు యావజ్జీవ ద్వీపాంతరవాసము దాక శిక్ష విధించెడివారు. బందిపోటన్నంతనే మనకు కాగడాలు, బల్లెములు, ముఖమునకు మసి తోచును. కరువునాటి బందిపోటు అట్టిది కాదు. అంగడికి పోవుచున్న జొన్నబండి. త్రోవప్రక్క కూర్చున్న ఆఱుగురు. బండివానిని త్రోసి, గోతము కోసి, కొంగులలో నింపుకొని పరుగిడలేక నడచిపోవుట. నలుగురైనచో ఒక నేరము, ఐదవవాడు కలిసినచో మఱియొక నేరము. కరువుకాలమున ఒంటరిగ ఎవడు తిరుగును? ఆకలిగొన్నవారు గుంపుగనే కదలుదురు. శాసనకర్త గుంపును చూచి ముఠాయని భయపడెను. అది కుటుంబము కావచ్చునని ఆతనికి స్ఫురింపలేదు.

ఇందు అంతయు నిర్దోషమని నేను చెప్పబోను. రాయలసీమలో జొన్నలు నేలలో పాతర వేసెడివారు. కరువులో పాతర త్రవ్వి ధాన్యమెత్తుకొనిపోయినచో, ఆ పాతర షావుకారుదైన ఒక మాట, ఇద్దఱు బిడ్డల తల్లి విత్తనమునకని దాచినదైన మఱియొక మాట. ఆకలి రెండుచోట్లను ఒకటే, నష్టము ఒకటి కాదు. విశ్వామిత్రుడు అడుగని ప్రశ్న ఇదే: నేను ఎవరి కూడు తినుచున్నాను? చవిటినేల గీకిన స్త్రీకడ ఈ ప్రశ్నకు బదులున్నది. ఆమె ఎవరి కూడును తినలేదు. సర్కారు ఖజానాకు రావలసిన కొన్ని దమ్మిడీలు రాకపోయినవి, అంతే. కావుననే చౌర్యములన్నిటిలోను దీనిని వేఱుగ నుంచి చూడవలెనని నా అభిప్రాయము.

ఆ కరువు ఇంకను తీఱకమునుపే, 1877 సంవత్సరాంతమున, చెన్నరాజధానిలో ఉప్పుపన్నును మణుగు ఒకింటికి రూపాయి పదమూడణాలనుండి రెండు రూపాయల ఎనిమిదణాలకు పెంచిరి. ఇది మన ఎనిమిది వీసెల మణుగు కాదు. 82 పౌనుల సర్కారు మణుగు. కారణము విన్న నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియదు. ఉత్తరదేశమున పన్ను ఎక్కువ, పడమటను దక్షిణమునను తక్కువగనుండుటచే, చౌక ఉప్పు ఆవలికి పోకుండ వేయిమైళ్ళకు పైగా ముళ్ళకంచె పెంచి వేలకొలది జవానులను కావలి పెట్టియుండిరి. ఆ కంచె ఖర్చు వదలించుకొనుటకై పన్నులను ఒకదరికి తేవలెనని తలచి, అచ్చట తగ్గించి ఇచ్చట పెంచిరి. 1879లో కంచె తీసివేసిరి. అది పరిపాలనలో గొప్ప సంస్కరణమని పుస్తకములలో వ్రాసికొనిరి. మనిషికి ఏటికి 12 పౌనుల ఉప్పు చొప్పున ఐదుగురున్న ఇంటికి 60 పౌనులు కావలెను; దానిపై ఈ కొత్త పన్ను దాదాపు రూపాయి పదమూడణాలు. దినమునకు రెండణాల కూలి దొరకిన అదృష్టవంతుడు పదునైదు దినములు ఉప్పుపన్నుకొఱకే మట్టి మోయవలెను.

ఉప్పు తీసినవారి మాట యిది. మోసినవారి మాట ఇంకను విషాదమైనది. ఎఱుకలవారిలో దబ్బ ఎఱుకలు, కుంచె ఎఱుకలు, కరివేపాకు ఎఱుకలు అని వృత్తినిబట్టి తెగలున్నట్లే ఉప్పు ఎఱుకలని ఒక తెగ కలదు. తీరమున ఉప్పు కొని, గాడిదలపైనను, ఎద్దుల కంటలములలోను నింపి, కనుమలు దాటి లోపలిసీమలకు చేర్చి, తిరుగుదారిలో ధాన్యమును చింతపండును తెచ్చుట వారి వర్తకము. ఉప్పు గుత్తగా మాఱినపుడు పెద్ద వర్తకులు కొఠారులకడ చేరిరి. 1871 నాటికి చెన్నపట్టణమునుండి రాయచూరుదాక రైలు నడచెను. వారములలో పోయెడి ఉప్పు దినములలో పోయెను. 1882 నాటి అటవీచట్టముచే ఎద్దులకు మేపును, బుట్టలకు వెదురును కరవయ్యెను. మూడు దెబ్బలును వేఱువేఱు ఆఫీసులనుండి వచ్చినవి. తగిలినది ఒకే వీపునకు. తిరుగుటకు కారణమైన వర్తకము పోయి, తిరుగుట మాత్రము మిగిలినది. బేరములేక తిరుగువానిని చూచి పోలీసు వీడేల తిరుగుచున్నాడని అడిగెను. వారిలో కొందఱు దొంగతనములకు దిగిరి, దానిని దాచనక్కఱలేదు. దిగనివారినికూడ కలిపి లెక్కపెట్టుటకు చట్టమొకటి సిద్ధముగ నుండెను.

ఉత్తరదేశమునకై 1871లో పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911లో మార్పులతో చెన్నరాజధానికిని వచ్చెను. తెగ పేరు గెజెట్టులో పడినచో, ఆ తెగలోని వానికి వ్రేలిముద్ర, హాజరు, ఊరు దాటుటకు చీటి. బాపట్లకును చీరాలకును నడుమ 1913 ప్రాంతమున సాల్వేషన్ ఆర్మీవారి యాజమాన్యమున ఒక సెటిల్మెంటు వెలసి, ప్రభుత్వ కార్యనిర్వాహకసభ్యుడైన సర్ హారల్డు స్టూవర్టు పేర స్టూవర్టుపురమైనది. రాత్రి హాజరుపట్టీ పిలుపు. పగలు చేయవలసిన పని. చీరాలలోని పొగాకు కంపెనీకి ఇచ్చటినుండి కూలీలు పోయిరి. బడి పెట్టిరి, వైద్యము చేసిరి, నేల చూపిరి. ఆ మేలును కాదనరాదు. కాని ఉప్పు మోసిన ముత్తాత చేసిన పని ఏమని ఆ బడిలో ఎవరైన చెప్పియుందురా? ఆపదలో చట్టము మీఱినవానికి శిక్షయైన పిదప విడుదల కలదు. పుట్టుకయే నేరమైనవానికి విడుదల ఎక్కడ? స్వాతంత్ర్యము వచ్చిన పిదప, 1952లో గాని ఆ చట్టము దేశమంతటను తొలగలేదు. పేరు ఇంకను తొలగలేదు. ఆ ఊరి పేరు చెప్పిన ఉద్యోగమియ్యని కాలము మా తరమువారు కన్నదే.

పన్ను తరువాత తగ్గుచు పెరుగుచు వచ్చినది. 1902లో గోఖలేగారు బడ్జెటు ప్రసంగమున ఈ పన్నును తూర్పారబట్టిరి. మఱుసటి యేట తగ్గుట మొదలై 1907కు మణుగుకు ఒక్క రూపాయికి దిగెను. యుద్ధకాలమున మరల ఎగబ్రాకెను. 1918లో బియ్యము, గుడ్డ, ఉప్పు, కిరసనాయిలు అన్నియు ఒక్కమాఱు మండిపోగా చెన్నరాజధానిలో సంతలు, అంగళ్ళు కొల్లగొట్టుట ఊరినుండి ఊరికి ప్రాకినది. అందు కొన్నిచోట్ల జనము సరకును ఊరకే ఎత్తుకొనిపోలేదు. పాతధర కట్టి తమకు కొలిచి పెట్టుమని షాహుకారును నిర్బంధించిరి. ఇది న్యాయస్థానమునకు దోపిడియే. ధర కట్టి చేయు దోపిడి! పేదవాని మనస్సులో న్యాయమునకు ఒక తూకమున్నదనియు, చట్టపు తూకమునకు అది సరిపడలేదనియు ఇంతకంటె తేటగ తెలుపు సంగతి నాకు దొరకలేదు. 1923లో శాసనసభ కాదన్నను వైస్రాయి తన విశేషాధికారముచే పన్నును రెట్టింపు చేసెను. ఏడాదిలో మరల దించెను.

ఇక 1930. మార్చి 12న సబర్మతినుండి బయలుదేరిన గాంధీమహాత్ముడు ఏప్రిలు 6న దండి తీరమున పిడికెడు ఉప్పు ఎత్తెను. ఆంధ్రదేశమున ఉద్యమభారము కొండ వెంకటప్పయ్య పంతులుగారిపై పడెను. ఒంగోలుప్రాంతమున దేవరంపాడు శిబిరమును ప్రకాశం పంతులుగారు నడిపిరి. మచిలీపట్టణము, విశాఖ, గుంటూరు తీరములలో ప్లీడర్లు, ఉపాధ్యాయులు, విద్యార్థులు, గృహిణులు కుండలు పట్టుకొని పఱ్ఱలకు నడచిరి. ఉప్పునీరు ముంచి, మూడు రాళ్ళ పొయ్యిమీద కాచి, పొట్లములు కట్టి నడివీధిలో వేలము వేసిరి. లాఠీలు తగిలినవి, కుండలు పగిలినవి, మరుగుచున్న ఊట కాళ్ళపై ఒలికినది. వారి ధైర్యమునకు చేతులెత్తి మ్రొక్కుదును. ఐనను ఆ దినములలో తీరపు పల్లెలలోని ఉప్పర ముసలివాడు, చవుడు గీకుకొను వితంతువు, గట్టుమీద నిలిచి ఆ దృశ్యమును చూచి ఏమనుకొనిరో అని నాకు తలపునకు వచ్చుచుండును. కుండ అదే, మన్ను అదే, చట్టము అదే. వీరు చీకటిలో చేసినపుడు సాల్టు జవాను తప్ప సాక్షి లేడు. వారు వెలుగులో చేసినపుడు పత్రికలు సాక్షులు. ఖద్దరు కట్టినవారి అన్నములో ఉప్పు లేకపోలేదు, వారు ఇతరుల అన్నముకొఱకు చెఱసాలకు పోయిరి. ఆ గొప్పతనము వారిది. కాని నేరమును నేరము కాదని మొదట ఆచరణలో చూపినవారు ఆ గట్టుమీది వారే. ఉపన్యాసము లేకపోయినది, అంతే.

గాంధిగారికి ఈ సంగతి తెలియనిది కాదు. మార్చి 2న వైస్రాయి ఇర్వినుప్రభువునకు వ్రాసిన లేఖలో ఉప్పుపన్ను అన్నిటికంటె ఎక్కువగ పేదవానినే పీడించునని వాదించెను. 1931 మార్చి 5న ఇర్వినుప్రభువుతో కుదిరిన ఒప్పందములో ఉప్పునుగూర్చిన షరతు చదువదగినది. చట్టమును మీఱుటను ప్రభుత్వము మన్నింపజాలదట. ఆర్థికస్థితి బాగుగ లేనందున చట్టమును పెద్దగ మార్చనుజాలదట. ఐనను బీదవర్గములకు ఊరట కలిగించుటకై, ఉప్పు దొరకు చోటులను ఆనుకొనియున్న గ్రామములవారు తమ యింటి వాడుకకును, ఆ గ్రామములలోపలి అమ్మకమునకును ఉప్పును ఏరుకొనవచ్చును, కాచుకొనవచ్చును. వెలుపలివారికి మాత్రము అమ్మరాదు. నూటయిరువదియాఱేండ్ల తరువాత, వేలమంది జైలునకు పోయిన పిమ్మట, చవుడు గీకుట ఊరి పొలిమేరలోపల నేరము కాకపోయినది.

మా యుప్పుమనిషి మా ఊరిది కాదు. పఱ్ఱ అంచున నున్న పల్లెనుండి మూడు మైళ్ళు నడిచి వచ్చెడిదట. ఒప్పందమైన పిదపకూడ ఆమె దీపములు పెట్టినతరువాతనే వచ్చెడిదనియు, కడవలో తవుడు కప్పుట మానలేదనియు మాతామహి చెప్పెడిది.